పై వరసలో మా బావ పేరు

మా బావ పోయిన రోజు పొద్దున కూడా అతనితో మాట్లాడానని చాలామందికి చెప్పాను. బస్సులో పక్క సీటువాళ్లకి కూడా చెప్పాను. ఆఖరి మాట నాతోనే అన్నాడని చెప్తూ గొంతు కాస్త బొంగురు చేసుకునేవాణ్ని. అది అబద్ధం. ఆ సంగతికి వస్తాను. ముందు నా గొప్పలు కొన్ని చెప్పుకోనివ్వండి. ఎలాగూ వాటిని విప్పుకోవలసింది నేనే.

విజయనగరంలో ఉప్పు వ్యాపారం చేసే ఒక ఆఫీసులో లారీలు పంపే గుమాస్తాని నేను. బావ నౌపడ దగ్గర ఉప్పు మడుల మీద మేస్త్రీ. వాళ్ల చెల్లెల్ని నాకిచ్చి చెయ్యాలని ఒకప్పుడు మాట నడిచింది. నేనే వద్దన్నానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, వద్దన్నది ఆ పిల్లే. సంబంధం తప్పిపోయింది, బావ మాత్రం నలభై ఏళ్లు మిగిలిపోయాడు.

మా పనంతా ఆకాశం మీద నడిచేది. ఉప్పు కుప్పల మీద తాటాకు కప్పి ఉంటుంది. లారీకి ఎత్తాలంటే ఆ తాటాకు తియ్యాలి. తీశాక వాన పడిందా, కుప్ప కరిగి కాలవలోకి పోతుంది. అందుకని రోజూ తెల్లారగానే బావ మడుల గట్టు మీద నిలబడి సముద్రం వైపు చూసి నాకు కబురు చెప్పేవాడు. ‘తెల్లగా ఉన్నాది’ అంటే లారీలు కదలొచ్చు. ‘మబ్బేసింది’ అంటే ఆపాలి. టీవీలో వాతావరణం ఏం చెప్పినా మా సేటు వినేవాడు కాదు, మేస్త్రీ ఏమన్నాడని అడిగేవాడు. నలుగురిలో మా బావకున్న విలువ ఆ ఒక్క మాటదే.

ఆ కబురు మొదట్లో ఫోన్లో వచ్చేది. తరవాత సేటుగారు ఆఫీసు పనికని అందరికీ ఫోన్లిచ్చి, వాటిలో మాటలు రాసి పంపుకునే యాప్ ఒకటి పెట్టించారు. అందులో ఎవరితో మాట్లాడామో వాళ్ల పేర్లు ఎడమ పక్కన వరసగా కనిపిస్తాయి. కొన్నాళ్లు మాట్లాడకపోతే ఆ పేరు కిందకి జారి, చివరికి కనిపించకుండా పోతుంది. పోకూడదనుకుంటే పేరు పక్కన చుక్క గుర్తు నొక్కాలి. అప్పుడది ఎప్పుడూ పై వరసలోనే ఉంటుంది.

ఆఫీసులో ఆ యాప్ అందరికంటే ముందు నేర్చుకున్నది నేనేనని చెప్పుకునేవాణ్ని. నిజానికి తెరవడం రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. చుక్క పెట్టడం కంప్యూటర్ దగ్గర పనిచేసే అమ్మాయి నేర్పింది. అది కూడా రహస్యంగా, పకోడీలు లంచం ఇస్తే. చుక్క పెట్టిన మొదటి పేరు మా బావదే. ఆ సంగతి ఫోన్లో చెప్తే నవ్వాడు.

“సుక్కెట్టీనావా? నీ కళ్లకి నేను కనపడాలంటే సుక్కెట్టాలేటి బావా?”

“ఒరే, నువ్వు కిందకి జారిపోకుండా నిన్ను పైన కట్టీసాన్రా.”

“కట్టు, కట్టు. మా సెల్లి తప్పించుకున్నాది, నేను దొరికిపోనాను.”

అలా రెండేళ్లు గడిచాయి. రోజూ పొద్దున పై వరసలో బావ పేరు వెలిగేది. తెల్లగా ఉన్నాది బావా. మబ్బేసింది బావా. ఒక్కోసారి దాని కింద ఇంకో ముక్క: టీ తాగీసినావా?

ఒక వేసవి రోజు సేటుగారి బంధువులు ఎవరో ఆఫీసుకొచ్చారు. వాళ్ల ముందు నా పనితనం చూపించుకోవాలని పొద్దున్నే డ్రైవర్లని గట్టిగా కేకలేసి నాలుగు లారీలు బయలుదేరదీశాను. బావ పేరు వెలుగుతూనే ఉంది. తెరవలేదు. వేసవిలో మబ్బేమిటి, రోజూ వచ్చే మాటే కదా అనుకున్నాను. మడుల దగ్గర మనుషులు లారీలొచ్చాయంటే కబురు అందే వచ్చాయనుకుని కుప్ప మీద తాటాకు తీసేశారు. బావ ఆ వేళకి రెండో గట్టు మీద ఉన్నాడు. పరిగెత్తుకొచ్చేలోగా వాన దిగింది. పెద్ద కుప్ప సగానికి సగం కరిగిపోయింది.

సేటుగారు, వెనకే ఆఫీసంతా, నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. “మేస్త్రీ పొద్దున ఏం పంపాడు? చూపించు.”

అప్పుడు తెరిచాను. ‘మబ్బేసింది బావా. లారీలు పంపకు.’

సేటుగారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆ కాస్తలో బావ పేరు మీద వేలు గట్టిగా నొక్కాను. ‘దాచు’ అన్న మాట వచ్చింది. నొక్కేశాను. పై వరసలోంచి పేరు మాయమైంది. ఫోను ఆయన ముందు పెట్టి, “ఈ రోజు ఏమీ పంపలేదండి” అన్నాను.

ఆయన అక్కడే నిలబడి బావకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

“పొద్దున మబ్బు సంగతి చెప్పావా, లేదా?”

అవతల వాన చప్పుడు. బావ అడిగాడు: “మా బావేటన్నాడండి?”

“నువ్వేమీ పంపలేదంటున్నాడు.”

మళ్లీ వాన చప్పుడు. నేను బల్ల మీది గీతలు చూస్తున్నాను.

“అలగైతే పంపలేదేమోనండి” అన్నాడు. “మర్సిపోయుంటాను. పెద్దోణ్నైపోనాను కదా.”

అతని ఫోన్లో ఆ మాట ఉంది. తెరిచి చూపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. చూపించలేదు.

అతన్ని మేస్త్రీ పనిలోంచి తీసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆకాశం చూసి చెప్పే పని ఎవరో కుర్రవాడికిచ్చారు. ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మర్నాడు చేశాడు, ఎత్తలేదు. ఆ తరవాత చెయ్యలేదు. దాచిన పేరు నుంచి ఏమొచ్చినా కనపడదు, దాన్ని మళ్లీ బయటికి ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియదు. ఆ అమ్మాయిని అడగొచ్చు, కానీ ఎందుకు దాచారని అడిగితే ఏం చెప్పను? పైగా ఆ యాప్ అంతా నాకే తెలుసని చెప్పుకున్నవాణ్ని కదా. రేపు నౌపడ వెళ్లి కాళ్ల మీద పడతానని రోజూ అనుకునేవాణ్ని. ఆ రేపులన్నీ కలిపితే రెండు నెలలైంది.

బావ గేటు దగ్గర కుర్చీలోనే పోయాడట. గుండెనొప్పి.

వెళ్లాను. ఇంటి ముందు తడిసిన టార్పాలిన్ కింద జనం. ఎవరో “మీరిద్దరూ ఎంత కలిసుండీవోరో” అనగానే నా నోరు ఊరుకోలేదు.

“పొద్దున కూడా నాకు మెసేజీ పెట్టాడు” అన్నాను. “తెల్లగా ఉన్నాది బావా, అన్నాడు.”

గోడకి ఆనుకుని కూర్చున్న అతని భార్య తలెత్తింది. ఆమె నన్ను అన్నయ్యా అంటుంది.

“పొద్దుట్నించీ వాన కదా అన్నయ్యా” అంది.

టార్పాలిన్ మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆమే మళ్లీ అంది, కోపం లేకుండా, నాకు సాయం చేస్తున్నట్టు. “నీకు రోజూ మెసేజీ ఎట్టీవోడు, అది నిజిమే. జవాబు రాలేదేటని అడిగితే, మా బావకి పనెక్కువే, తీరికైనాక సూస్తాడనీవోడు.”

మర్నాడు ఆఫీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు ఫోను పెట్టాను. దాచిన పేరు తీసి పెట్టమన్నాను. ఎందుకు దాచారని ఆమె అడగలేదు. రెండుసార్లు నొక్కింది, అంతే.

బావ పేరు వచ్చింది. కింద వరసగా రెండు నెలల ఆకాశం.

‘తెల్లగా ఉన్నాది బావా.’ ‘తెల్లగా ఉన్నాది.’ ‘మబ్బేసింది, ఆ కుర్రోడికి తెలీదు, నువ్వు సూసుకో.’ ‘ఫోను ఎత్తకపోయినా పర్లేదు గాని అన్నం తిను.’ ‘తెల్లగా ఉన్నాది బావా. టీ తాగీసినావా?’ అన్నిటికంటే కింద, పోయిన రోజు పొద్దుటిది: ‘వాన బావా. ఇయ్యాల లారీలొద్దు.’

జవాబు రాద్దామని కిందికి చూశాను. రాసే చోటు లేదు.

“మనిషి పోయాడని పొద్దున్నే ఆయన ఖాతా మూసేశారు మావయ్యా” అంది అమ్మాయి. “చదవొచ్చు. రాయడానికి ఉండదు.”

“అయితే ఇది కిందకి జారిపోతుందా?”

“మాటల్లేకపోతే జారిపోద్ది. చుక్క పెట్టమంటారా?”

“నేను పెడతాను” అన్నాను. నా వేలికి మూడుసార్లకి గాని ఆ గుర్తు అందలేదు.

అప్పటినుంచి ఫోను బల్ల మీద తెరిచే ఉంచేవాణ్ని. కుప్ప కరిగిన రోజు మాట పైకి కనిపించేలా జరిపి పెట్టేవాణ్ని. ఎవరైనా వంగి చదివితే, అప్పుడు ఒప్పుకోవలసి వస్తుంది కదా అని. దాచిన రోజు ఆఫీసంతా ఆ మాట కోసం నా బల్ల చుట్టూ మూగింది. తెరిచి పెట్టిన తరవాత టీ గ్లాసు పెట్టుకోవడానికి దాన్ని పక్కకి జరిపారు.

ఒకసారి సేటుగారు చూశారు. “ఇంకా ఆయన పేరే పైనుందేమిటి? తీసెయ్. ఆ కుర్రాడిది పెట్టు” అన్నారు.

అప్పుడు నేను లేచి నిలబడి ఫోను ఆయన చేతిలో పెట్టి, తప్పంతా నాదేనని, మా బావ మాట ఒక్కనాడూ తప్పలేదని నలుగురూ వినేలా చెప్పాను. ఈ వాక్యం ఇంతకుముందు రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశాను. ఈసారి కొట్టకుండా ఉంచుతున్నాను, నేనెలాంటివాణ్నో మీకు తెలియాలని.

నేనన్నది, “అలాగేనండి.”

చుక్క మాత్రం తియ్యలేదు. ఆ మరుసటి ఏడాది పని మానేసిన రోజు ఫోను ఆఫీసుకి తిరిగి ఇచ్చేశాను. అప్పటికీ పై వరసలో బావ పేరే ఉంది. నా కుర్చీలోకి వచ్చినవాడికి ఆ పేరు ఎవరిదో తెలియదు. నేనూ చెప్పలేదు. తీసేసి ఉంటాడు.