పాట చివరి మాట

రెబ్కాకు కోపం వస్తే మార్టూరు గ్రానైట్ మిషన్ల మోత కూడా ఆమె గొంతు ముందు చాలదు. పాలిషింగ్ షెడ్డులో పలకలు కడుగుతూనే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది, ఎవరి మాటా పడలేదు. ఆ గొంతు వాళ్ళమ్మ సువార్తమ్మది. ఆవిడ చర్చిలో పాడితే వెనక వరసలో కునికేవాళ్ళు సైతం లేచి కూర్చునేవాళ్ళు. పాట అయ్యాక ప్రతిసారీ "పాడింది సువార్తమ్మ, మార్టూరు" అని తనే చెప్పుకునేది. వేలిముద్ర వేసే మనిషికి అదే సంతకం.

ఒకసారి ఎవరో ఆ పాటను ఫోన్‌లో రికార్డు చేశారు. అది బ్లూటూత్‌లో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి పాకుతూ చీమకుర్తి క్వారీల దాకా, కనిగిరి దాకా పోయింది. సువార్తమ్మ పోయాక ఆవిడ గొంతు మిగిలింది ఆ పాటలోనే.

కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే శ్యామ్ సుందర్ ఇలా చేతులు మారిన పాటల్ని వందేళ్ళు నిలిచేలా భద్రపరుస్తున్నాడు. పాట ఒక్కటే కాదు, ఎవరు పాడారు, ఎక్కడ పాడారు, ఎవరి నుంచి ఎవరికి చేరింది అన్నవి కూడా. ఈ పాటలో గొంతు ఎవరిదో ఊళ్ళోవాళ్ళు చెబితే రెబ్కాను పిలిచి ఫైలు వివరాలు చూపించాడు. పాడినవాళ్ళ పేరు దగ్గర 'అన్వర్ మొబైల్స్' అని ఉంది. చివర అమ్మ మాట లేనే లేదు.

"దొరికిన కాపీలన్నీ ఇలాగే ఉన్నాయమ్మా. ఫైల్లో ఉన్నదాన్ని నేను మార్చకూడదు. ఆ పేరు వేసినాయనే వచ్చి నిజం చెబితే ఆ మాటల్ని పాట వెనకే చేరుస్తాను."

రెబ్కా తిన్నగా అన్వర్ కొట్టుకు పోయింది. జనం ఉన్నారని కూడా చూడలేదు.

"ఏం అన్వరన్నా, మా అమ్మ పాట నువ్వెప్పుడు పాడావు?"

సంగతి తెలిశాక అన్వర్ నీళ్ళు నమిలాడు. "అప్పట్లో మెమరీ కార్డుల్లో పాటలెక్కించే ప్రతి కొట్టోడూ పేరేసుకునేవాడు రెబ్కా. లేకపోతే పక్కోడు కాపీ కొట్టేవాడు."

"మరి చివర మాటెందుకు కోశావు?"

"కార్డులో చోటు చాలక. పాట అయిపోయిందిగా, ఇంకా మాటలెందుకులే అనుకున్నా."

మాటలెందుకులే అట. రెబ్కాకు ఒళ్ళు మండిపోయింది. బతికినన్నాళ్ళూ అమ్మ తన గురించి లోకానికి చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని చెత్తలా ఊడ్చేసి, ఆ చోట కొట్టు బోర్డు తగిలించాడు ఈ పెద్దమనిషి.

"కోయనిది ఉందా?"

"ఆ కంప్యూటర్ ఎప్పుడో తుక్కు కింద పోయింది."

"అయితే షట్టర్ దించి నడువు."

అన్వర్ షట్టర్ దించి వెంట నడిచాడు. శ్యామ్ సుందర్ మైకు ముందు కూర్చోబెడితే గొంతు సవరించుకున్నాడు. "ఈ పాట నాది కాదు. పేరు నేనే వేసుకున్నాను. చివర మాట నేనే కోశాను. పాడింది సువార్తమ్మ, మార్టూరు."

శ్యామ్ సుందర్ దాన్ని చేర్చి మొదటి నుంచి వినిపించాడు. అమ్మ పాడుతున్నంతసేపూ రెబ్కా కళ్ళు మూసుకుంది. పాట ఆగింది. అమ్మ మాట్లాడాల్సిన చోట అన్వర్ గొంతు వచ్చింది.

"ఇప్పుడు సరిపోయిందా రెబ్కా?" అన్నాడు అన్వర్, తల ఎత్తకుండానే.

"పేరు వచ్చిందన్నా," అంది రెబ్కా చెప్పులు తొడుక్కుంటూ. "చెప్పింది మా అమ్మ కాదు."