జనార్దన్ గుమ్మం ముందు వంతుకర్ర

దేవమ్మ కర్రను మంత్రించి పెట్టిందనీ, అందుకే జనార్దన్ పిచ్చిపట్టినట్టు మండుటెండలో గుట్ట ఎక్కాడనీ పాలకీడు నుంచి మిర్యాలగూడ వెళ్లే ఆటోల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అది వంతుకర్ర. మా ఊరి వన సంరక్షణ సమితిలో నలభై ఇళ్లున్నాయి. ఏ ఇంటి ముందు కర్ర ఉంటే ఆ రోజు ఆ ఇంటివాళ్లు గుట్టకు కాపలా వెళ్లాలి. వెళ్లొచ్చాకే దాన్ని పక్కింటికి చేర్చాలి. కూలి చేసుకునే దేవమ్మ ఎనిమిదేళ్లలో ఒక్క వంతూ తప్పలేదు. నరికిన మొదళ్ల నుంచి వచ్చిన పిలకల్లో బలమైనదాన్ని ఉంచి, మిగిలినవి కోసి, బోడిగుట్ట మీద రేల, తునికి, సీతాఫలం పెంచిన ఆడవాళ్లలో ఆమెది ముందడుగు. ఈ చెట్లు గాలిలోని పొగను మింగి ఎండలు ముదరకుండా చూస్తాయని అధికారులు చెప్తే నమ్మింది.

గుట్ట కింది పొలం జనార్దన్‌ది. మొన్న ఏప్రిల్‌లో కోత మిషన్ వెళ్లగానే వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టించాడు. మంట గుట్టకెక్కింది. మోటరు వేయమని దేవమ్మ అతని కాళ్లు పట్టుకుంది. "నా నీళ్లు అడవికా?" అని అతను లోపలికి వెళ్లిపోయాడు. సగం గుట్ట బూడిదైంది.

"పెద్దోళ్లతోని మనకెందుకు చిన్నమ్మా, ఇడిసిపెట్టు" అన్నాడు సమితి అధ్యక్షుడు సైదయ్య.

"పొగ మింగే చెట్లకే పొగ పెట్టిండు. ఎట్ల ఇడుస్త?"

కొద్దిరోజులకు జనార్దన్ వంతు వచ్చింది. ఎప్పటిలాగే అతను కాపలాకు వెళ్లకుండా కర్రను జీతగాడితో పక్కింటికి పంపాడు. దేవమ్మ దాన్ని తిరిగి తెచ్చి అతని గుమ్మం ముందే నిలబెట్టింది.

"తీస్తవా, తీయవా?" అని జనార్దన్ గద్దించాడు.

"నీ వంతు అయినంకనే కదులుతది పటేలా. గంత బరువుందా?"

ఊరు నవ్వింది. పద్దెనిమిదో రోజు చీకటి పడ్డాక కోదాడ నుంచి అతని బావమరిది వచ్చాడు.

"ఏంటి బావా, గుమ్మంలో ఈ కర్రేంటి?"

జనార్దన్ నోరు తెరవకముందే, ఎదురుగా నల్లా దగ్గర బిందె పట్టుకుంటున్న దేవమ్మ అందుకుంది. "గుట్టను కాలవెట్టినోళ్ల ఇంటికి గురుతు, బాబూ."

మర్నాడు జనార్దన్ కర్ర పట్టుకుని బయల్దేరాడు. దేవమ్మ వెనకే నడిచింది. చూడటానికి మేమూ కొందరం వెళ్లాం. కాలిన మోడు దగ్గర అతను ఆగిన ప్రతిసారీ "ఇంక పైకి, పటేలా" అంది. గుట్ట మీద కూలబడి నీళ్లడిగాడు. ఆమె సీసా మూత తీసి, అతన్నే చూస్తూ చివరి చుక్కదాకా తానే తాగింది.

కర్ర కదలని ఆ పద్దెనిమిది రోజులూ, కూలి మానుకుని, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ గుట్టను కాపలా కాసింది దేవమ్మ ఒక్కతే.