చిన్నమ్మ ఎక్కిన పుట్టి

మొన్న పాలకుర్తిలో ఆటో ఎక్కి కొడకండ్లకు వస్తుంటే రోడ్డు పక్క చెరువు నిండా థర్మాకోల్ తెప్పలే కనిపించాయి. నీలం ప్లాస్టిక్ పట్టా చుట్టిన ఒక్కో అట్ట మీద ఒక్కో మనిషి, ఎవరి వల వారిది. చేపలు తినడం తప్ప చెరువుతో ఏ సంబంధమూ లేనిదాన్ని నేను. అయినా ఒళ్లు జలదరించింది. నాన్న తమ్ముడు, మా చిన్నబాపు పుట్టి గుర్తొచ్చింది.

మా ఊరి చెరువు ఏండ్ల తరబడి ఎండిపోయి, నడుమ తుమ్మలు మొలిచి అడవైంది. చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ అందులోనే మేకలు కాసింది. కాలువ నీళ్లొచ్చి చెరువు నిండి మత్తడి దుంకేసరికి ఊరందరికీ సంబరం, మా ఇంట్లో మాత్రం పంచాయితీ. చిన్నబాపుకు మళ్లీ వల పట్టాలని ఆశ. కానీ ఆయనకు అప్పుడప్పుడు ఫిట్స్ వచ్చేవి. ముల్లు గుచ్చుకున్నా మునగదు కాబట్టి తెప్పే కొందామంటాడాయన. దాని మీద ఒక్కరికే చోటు. చిన్నమ్మకు పుట్టి కావాలి. వెదురుతో అల్లి, కింద పట్టా కట్టి తారు పూసిన ఆ గుండ్రటి బుట్టలో ఇద్దరు కూర్చోవచ్చు.

"తుమ్మముల్లు దిగితే పుట్టి ఆగుతదానే? ఇద్దరం గంగల కలుస్తం," అన్నాడు చిన్నబాపు.

"ఏ చెట్టు ఏడున్నదో నాకెరుక. నేను ఎదురుంగ కూసొని చెప్త, నువ్వు తెడ్డెయ్యి."

ఆయన మీసాలు ఆమె మొండితనం ముందు ఎన్నడు గెలిచాయి గనుక! పుట్టే వచ్చింది.

మొదటి రోజు పొద్దున్నే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి ఎక్కారు. నేను ఊరోళ్లతో కట్ట మీద నిలబడి చూస్తున్నాను. చిన్నమ్మ చెయ్యి ఊపుతూ ఒక్కో తుమ్మనూ తప్పిస్తోంది. నీళ్లు రాకముందు ఊరోళ్లు కట్టెలకని కొన్ని చెట్లు కొట్టుకుపోయారు. కొట్టేసిన చెట్టంటే ఆమె లెక్కలో లేని చెట్టే. కింద వాటి మొద్దులు మిగిలే ఉన్నాయని తోచలేదు పాపం.

పుట్టి ఉన్నట్టుండి ఆగిపోయింది. చిన్నమ్మ వంగి చూసి, కొంగు చింపి అడుగున పడ్డ బొక్కలో కుక్కి మడమతో అదిమింది. "బిరాన ఒడ్డుకు తిప్పు, నా దిక్కు సూడకు!" అన్న అరుపు కట్టదాకా వినిపించింది. ఆయన తిప్పలేదు. తెడ్డు పుట్టిలోకి జారింది, మనిషి బిగుసుకుపోయి నీళ్లవైపు ఒరిగాడు. చిన్నమ్మ కాలు తియ్యలేదు. ఒక చేత్తో ఆయన అంగీ పట్టి లోపలికి గుంజింది, రెండో చేత్తో తెడ్డేసింది. కట్ట మీదివాళ్లు దూకి ఈదుకుంటూ వెళ్లి, పుట్టిని ఒడ్డుకు లాగారు.

తెలివి రాగానే చిన్నబాపు, "సూసినవా, బొక్క పడ్డది. తెప్పయితే మునగకపోతుండె," అన్నాడు.

చిన్నమ్మ చీరంచు పిండుకుంటూ, "తెప్ప మునగకపోతుండె. నువ్వు మునుగుతుంటివి," అంది.

అప్పుడు ఏడ్చాడు ఆయన.

ఆ పుట్టికే తారు అతుకులు వేసుకుంటూ ఇద్దరూ కొన్నేండ్లు తిరిగారు. చివరికి ఆయన మంచంలోనే, ఆమె చెయ్యి పట్టుకొని పోయాడు. మొన్న ఆ తెప్పల మీద ఒంటరి మనుషులను చూసి నాకు భయమేసింది అందుకే. కాలమూ నిండిన చెరువే. కొట్టేశామనుకున్నవన్నీ అడుగునే ఉంటాయి, ఎదురుగా కూర్చునే మనిషి ఉన్నన్నాళ్లే ఒడ్డు చేరతాం.