మామ చూసిన యూరప్

మా మామకు బీదర్‌ల చెప్పుల దుకాణం. ఎవరెదురైనా ఆయన ముందుగాల కాళ్ళు చూస్తడు, తర్వాతనే మొఖం. పెండ్లిళ్ళల్ల చుట్టాలను కూడ కాళ్ళు చూసే గుర్తుపడతడు.

మొన్న అత్తమ్మ, మామ, నేను యూరప్ టూరుకు పోయినం. పారిస్‌ల ఆ పెద్ద టవర్ కింద అందరం తలలెత్తి చూస్తుంటే మామ తల వంచుకొని తిరుగుతుండు.

"జర పైకి చూడు మామా," అన్న.

"పైన ఉన్నది ఇనుమే గదరా. కింద చూడు, ఎన్ని తీర్ల బూట్లున్నయో," అన్నడు. ఒక దొరసాని ఆయన చూపు చూసి, కాళ్ళు వెనక్కి తీసుకొని దూరం జరిగింది. అత్తమ్మ సిగ్గుతోటి వేరేటోళ్ళ బస్సు ఎక్కబోయింది.

పోలండ్‌ల నాజీలు యూదులను చంపిన శిబిరం చూపించిన్రు. ఒక గదిల, అద్దం వెనక, సచ్చిపోయినోళ్ళ చెప్పులు కుప్పలువోసి ఉన్నయి. ఇక్కడ ఏం మాట్లాడుతడో అని అత్తమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

మామ ఒక చంటిపిల్ల బూటు కాడ ఆగిండు. దాని మూతి చినిగి, లోపల కుక్కిన గుడ్డ కనపడుతాంది. పక్కన ఎవరో తెల్ల ముసలామె నిలబడి ఉంటే, ఆమెకు తెలుగులనే చెప్పిండు.

"ఒక సైజు పెద్దది కొన్నరమ్మా, పిల్ల పెరుగుతదని. అందాక వదులు కావొద్దని గుడ్డ పెట్టిన్రు."

ఆ మాటతోటే ఆయన ఏడ్చిండు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలే, అయినా తన చేతిరుమాలు తీసిచ్చింది. మామ మొఖమంత తుడుచుకొని, సగం తడిసిన రుమాలు మర్యాదగ తిరిగిచ్చిండు. మిగిలిన సగంతోటి ఆమె తుడుచుకున్నది.