ఎల్‌కు రెండు చుట్లు

పోయిన గురువారం పొద్దున మా పంతులమ్మ పోయారు. పర్ణశాల దాటి అడవిలోకి వెళ్తే వచ్చే మా ఊళ్ళో, ఉద్యోగం మొదలైన రోజు నుంచి రిటైరయ్యేదాకా బడి నడిపిన మనిషి. ఇప్పుడు ఆ బడిలో టీచర్ని నేను. కబురు వచ్చేసరికి నా ముందు కొత్త టైంటేబుల్ ఉంది. అందులో ఇంగ్లీషు కలిపిరాత పీరియడ్ కొట్టేసి కంప్యూటర్ అని రాసి ఉంది. రాసింది నేనే. సోమవారం తల్లిదండ్రుల మీటింగులో ఒప్పిస్తే సరిపోయేది.

ఆమెది మధిర వైపు. కొత్తలో మా కోయ మాట ఆమెకు తెలియదు, ఆమె ఇంగ్లీషు మాకు తెలియదు. మాచేత కలిపిరాతలో ఎల్ అక్షరం రాయించలేక విసిగి, ఒకరోజు బీడీలకు కోసే తునికాకు కల్లానికి వెళ్ళి మా అమ్మలు ఆకు కట్టలు కట్టడం చూసొచ్చారు. మర్నాడు, "కట్టకు నార చుడతారు కదా, అట్లాగే చుట్టి కిందికి లాగండర్రా" అన్నారు. వెంటనే వచ్చేసింది. కాకపోతే మా ఊళ్ళో కట్ట జారకుండా నార రెండు చుట్లు వేస్తారు. మేము ఎల్‌కూ రెండు చుట్లు వేశాం. ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "ఉండనీండి, గట్టిగా ఉంటుంది" అన్నారు. దిద్దలేదు.

ఏళ్ళ తర్వాత పోడు భూముల పట్టాల దరఖాస్తులు చూడటానికి ఒక ఆఫీసరు వచ్చాడు. మా ఊళ్ళో లక్ష్ములు, లీలలు, లలితలు ఎక్కువ, అందరం సంతకం ఇంగ్లీషులోనే పెడతాం. కాగితాలు తిరగేసి మొహం చిట్లించాడు.

"ఏందిది? అన్ని సంతకాలు ఒక్క మనిషే పెట్టినట్టున్నయ్. గిట్లయితే ఒక్కటి గూడ ముందుకు పోదు."

దున్నుకునే నేల పోతుందని అందరం ఒక్కసారే మాట్లాడబోయాం. అప్పటికే రిటైరైన పంతులమ్మ వెనక వరసలోంచి లేచారు. "తప్పు నాదండీ. నేర్పింది నేను. ఒక్కొక్కరికి పెన్నివ్వండి, మీ ముందే పెడతారు."

ఒకరి వెనక ఒకరం వెళ్ళి పెట్టాం. అన్నిట్లోనూ ఎల్‌కు రెండు చుట్లే. కాని ఒకరివి సన్నం, ఒకరివి బొద్దు, నావి కాస్త వంకర. వరస సగం అయ్యేసరికి ఆఫీసరు నవ్వేశాడు. వేలిముద్రల కోసం తెచ్చిన స్టాంపు ప్యాడు మూత తీయకుండానే సంచిలో పెట్టుకున్నాడు. ఆరోజు పంతులమ్మ నడక చూడాలి! మాకూ అంతే గర్వం, ఇప్పటికీ.

అంత తెలిసీ ఆ పీరియడ్ ఎందుకు తీసేయబోయాను? కంప్యూటర్ రాకపోతే మా పిల్లలు భద్రాచలం కాలేజీలో వెనకబడతారని. అది అబద్ధమేమీ కాదు. పోయిన నెల ఆమెకే చెప్పాను. తిడతారనుకున్నాను.

"కంప్యూటర్ నేర్పమ్మా, నేర్పాల్సిందే. కాని పిల్లలు రాసేటప్పుడు ఒక్కసారి వాళ్ళ మొహాలు చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నారు.

సోమవారం మీటింగులో, నాతో చదువుకున్న ఒక తల్లి లేచింది. "అవ్ టీచర్, కంప్యూటర్ గూడ చెప్పాలె. గని మా పంతులమ్మ నేర్పిన రాత మాతోనే పోవాల్నా?"

టైంటేబుల్లో కలిపిరాతను మళ్ళీ రాశాను. నా ఖాళీ పీరియడ్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేశాను.

మంగళవారం బోర్డు మీద ఊరి పేరు కలిపి రాసి పిల్లల వైపు తిరిగాను. మూడో తరగతి పిల్ల ఒకతె నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి రాస్తోంది. చివరి అక్షరం తోక లాగేదాకా పెన్సిల్ ఎత్తలేదు. ఎత్తాక పెద్దగా ఊపిరి వదిలి, కాగితాన్ని రెండు చేతులూ చాచి దూరంగా పట్టుకుని, అట్లాగే చూసుకుంటూ కూర్చుంది.