కాణిపాకం దాకా ఛార్జి

నా కరెంటు కారుకు కొత్త బ్యాటరీ వేసిచ్చినారు గానీ, నా కోపం మాత్రం ఇంకా సల్లారలేదు. పాత బ్యాటరీకి నిండా ఛార్జి పెట్టి తిరుపతిలో బయల్దేరితే చిత్తూరు చేరేలోపలే అయిపోయేది. ఏసీ ఆపేసి, మా ఆవిడ కొంగుతో విసురుకుంటా కూర్చున్నా అంతే. వారంటీ ఉండాది కదా అని షోరూముకు పోతే, సర్వీసు మేనేజరు కంప్యూటర్లో చూసి, "బ్యాటరీ బ్రహ్మాండంగా ఉండాది సార్, మీరు తోలే తీరే బాగలేదు" అనేవాడు. ఎప్పుడు పోయినా అదే పాట. నిన్నమొన్న బండి నేర్చినోన్నా నేను?

ఒక పొద్దు నాకు ఒళ్లు మండిపోయింది. మా పక్క ఎవురి మాటన్నా నమ్మకం కుదరకుంటే కాణిపాకం వినాయకుని ముందర ప్రమాణం చెయ్యమంటారు. కారు తాళం ఆ మేనేజరు బల్ల మీద పెట్టి, షోరూములో అందరూ వినేట్టు అడిగినాను.

"బ్యాటరీ బాగుండాదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అప్పా? రా, ఇప్పుడే పోదాం. నా కార్లోనే."

ఆయప్ప ఏమాత్రం తడుముకోలేదు.

"ప్రమాణానికేం సార్, చేస్తాను. మీ కార్లో మాత్రం వద్దు, దావలో నిలిచిపోతాది."