గ్రాండ్ అనని పాట

ఐర్లండ్‌లో మేముండే స్వోర్డ్స్ ఊళ్లో మా ఎదురింటి పెద్దావిడ భర్త కరోనా మొదలైన వసంతంలోనే పోయాడు. అంత్యక్రియలకు పట్టుమని పదిమందిని రానివ్వలేదు. మేమంతా ఎవరి గేటు దగ్గర వాళ్లం నిలబడి చేతులు జోడించాం. ఆ తర్వాత ఆవిడ గుమ్మం దాటలేదు. పెద్దవాళ్లు బయటికి రావొచ్చని ప్రభుత్వం చెప్పాక కూడా కిటికీ దగ్గరే కూర్చునేది.

ఆ దంపతులు బతుకంతా సెట్ డాన్స్ ఆడినవాళ్లు. నాలుగు జంటలు నాలుగు వైపులా చతురస్రంగా నిలబడి ఆడే ఆట అది. ఆవిడ పుట్టినరోజుకి వీధిలోనే ఆడదామనుకున్నాం. ఒక్కో ఇంటి నుంచి ఒక జంట, మధ్యలో దూరం. ఎవరి మొగుడి చెయ్యి వాళ్లే పట్టుకోవాలి కాబట్టి కరోనాకి కూడా అభ్యంతరం ఉండదు. మూడు జంటలు కుదిరాయి. నాలుగో వైపు ఆవిడ గేటు ముందు ఖాళీగా ఉంచాం. ఆవిడ వస్తుందా, రాదా? అదే అందరి బెంగ.

పెద్ద స్పీకరు మా ఇంట్లో ఉంది కాబట్టి పాటల ఎంపిక నాకు దక్కింది. నిజం చెప్పాలంటే దక్కలేదు, లాక్కున్నాను. రోజూ సాయంత్రం మా గుమ్మంలో స్పీకరు పెట్టి ఒక ఐరిష్ పాట వినిపించేదాన్ని. ఆవిడ కిటికీ తెరిచి, బొటనవేలెత్తి, "గ్రాండ్" అనేది. మా గుంటూరులో పెళ్లి గ్రాండ్‌గా జరిగిందంటే ఊరంతా నెల రోజులు చెప్పుకుంటారు. నేను పొంగిపోయాను. నెమ్మది పాట పెట్టాను, గ్రాండ్. పరుగు పాట పెట్టాను, గ్రాండ్. అనుమానమొచ్చి మన పెళ్లిబ్యాండు మోత పెట్టాను. అదీ గ్రాండే!

మా అమ్మాయిని అడిగాను. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"అమ్మా, గ్రాండ్ జస్ట్ మీన్స్ ఇట్స్ ఫైన్. షీ ఈజ్ బీయింగ్ నైస్ టు యూ."

నా వారం రోజుల సంగీత సేవ గంగలో కలిసింది. అంటే ఆవిడకి ఒక్కటీ నచ్చలేదన్నమాట. ఏడుపొచ్చినంత పనైంది.

"నోటిని అడిగితే మర్యాదే చెబుద్ది. కాళ్లు చూడు," అన్నారు మా ఆయన.

"కిటికీ అవతల కాళ్లు నాకెట్టా కనపడతయ్యండీ?" అని కసిరాను.

పుట్టినరోజు వచ్చింది. మూడు వైపులా మూడు జంటలం నిలబడ్డాం. కంగారులో ఫోను నొక్కాను. నేను పెట్టాలనుకున్న పాట రాలేదు. కిందటిసారి ఊరెళ్లినప్పుడు రికార్డు చేసుకున్న మా అమ్మ కోలాటం మోగింది. కర్రల చప్పుడు, మధ్యలో శ్రుతి తప్పిన మా అమ్మ గొంతు! ఆపుదామని ఉరికేలోపే మిగతా జంటలు కదిలిపోయాయి. తకిట తకిట అని నడిచే ఆ దరువు జిగ్ అని వాళ్లాడే గెంతుల ఆట నడకకి అచ్చంగా సరిపోయింది. నా కాళ్లు మాత్రం కోలాటంలోకి జారిపోయాయి, మా ఆయన్ని ఢీకొట్టాను.

ఎదురింటి తలుపు దభాలున తెరుచుకుంది.

"అటు కాదు! ఎడమకి! ఎడమకి తిరుగు!"

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది పెద్దావిడ. ఖాళీగా ఉంచిన నాలుగో వైపు నిలబడి, మాకు అడుగులు చూపించసాగింది. ఆడినంతసేపూ కుడిచెయ్యి పక్కకి చాచే ఉంచింది. ఆ పక్కన ఎవరుండేవారో అందరికీ తెలుసు.

పాట అయిపోయింది. ఆయాసపడుతూ, మా ఆట ఎలా ఉందని అడిగాను.

"ఘోరం. ఇంత ఘోరమైన సెట్ నా జన్మలో చూడలేదు," అంది నడుము మీద చెయ్యి వేసుకుని. "మళ్లీ పెట్టు."